సీఎస్ఆర్ డబ్బుతో కొత్త మొక్కలా, ఉన్న అడవి బాగోగులా? బెంగళూరు చుట్టుపక్కల తెలిసినవాళ్ళు చెప్పండి

సిల్క్‌బోర్డ్ బాధితుడు | బీటీఎం లేఔట్

అందరికీ నమస్కారం. మా ఆఫీసు సీఎస్ఆర్ (అంటే కంపెనీ సమాజ సేవకి పెట్టే డబ్బు) కమిటీలో ఈసారి నన్ను ఇరికించారు. ఏటా జరిగే తంతు మీకూ తెలిసే ఉంటుంది. జూలైలో ఒక శనివారం బస్సుల్లో వెళ్ళి, తలా రెండు మొక్కలు నాటి, ఫోటోలు దిగి, బిర్యానీ తిని వస్తాం. మొన్న మీటింగులో ఫైనాన్స్ మేడమ్ "పోయినేడు నాటినవి ఎన్ని బతికున్నాయి?" అని అడిగారు. అందరూ ల్యాప్‌టాప్‌లలోకి చూశారు. చివరికి కనుక్కునే పని నా మెడకు చుట్టారు.

మా ముందు మూడు ప్రతిపాదనలున్నాయి. ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర అర ఎకరంలో మియావాకీ చిట్టడవి. ఆనేకల్ వైపు బన్నేరుఘట్ట అంచున బోడి నేలలో పదివేల మొక్కలు. లేదంటే, మా టీములో సగం మంది మదనపల్లె, చిత్తూరు వాళ్ళే కాబట్టి ఆ వైపు ఏదైనా. ఎండలు ముదురుతున్నాయి, నెల వాన ఒక్కరోజే కురిసి పోతోంది. ఇలాంటి రోజుల్లో ఏది నిలుస్తుంది? వాట్సాప్ ఫార్వర్డులు వద్దు, ప్లీజ్.

గడ్డిపరక | యలహంక

ముందు ఒక ప్రశ్న. "బోడి నేల" అన్నారు, అక్కడ ఇప్పుడేముంది? చెట్లు లేకపోతే ఏమీ లేనట్టు కాదండి. మా ఇంటికి దగ్గర్లోనే హెసరఘట్ట ఉంది. చూడ్డానికి ఉత్త గడ్డి మైదానం. చలికాలంలో దూరదేశాల గద్దలు వచ్చి ఆ గడ్డిలోనే రాత్రిళ్ళు తలదాచుకుంటాయి. ఎన్నో ఏళ్ళు కొట్లాడితే 2024లో ఆ 5 వేల పైచిలుకు ఎకరాలను సంరక్షణ రిజర్వుగా చేయడానికి రాష్ట్ర వన్యప్రాణి బోర్డు ఒప్పుకుంది. అక్కడ ఎవరైనా పదివేల చెట్లు నాటి ఉంటే అది పచ్చదనం కాదు, విధ్వంసం.

మన ఉమ్మడి కర్నూలు జిల్లా రోళ్ళపాడు సంగతీ అంతే. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. చుట్టూ గడ్డి నేలలు సాగులోకి పోయాయి, పిట్టా పోయింది. దానికి చెట్లు అక్కర్లేదు, గడ్డి కావాలి.

మియావాకీ విషయానికొస్తే, చదరపు మీటరుకు మూడు నుంచి ఐదు మొక్కలు కుక్కే పద్ధతి. సిటీలో దుమ్ముకీ నీడకీ పనికొస్తుంది. చెన్నైలో కొట్టూర్‌పురంలో కార్పొరేషన్ వేసిందే ఉంది కదా. కానీ రెండు మూడేళ్ళు నీళ్ళు పొయ్యాలి. పైగా మన వైపు ఎండుటాకు అడవి, అంటే ఎండాకాలంలో ఆకు రాల్చేది, సహజంగా పల్చగా, కింద గడ్డితో ఉంటుంది. దాన్ని పార్కు అనండి, నాకేం అభ్యంతరం లేదు. అడవి అనకండి.

లెక్క తేల్చు | వైట్‌ఫీల్డ్

గడ్డిపరక గారూ, గద్దల మీద గౌరవంతోనే అడుగుతున్నాను, కార్బన్ సంగతేంటి? 2030 కల్లా అడవులూ చెట్ల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైనంత పీల్చుకుంటామని మన దేశం ప్రపంచానికి మాటిచ్చింది. అది గడ్డితో అవుతుందా? నా ఉద్యోగమే ఈ లెక్కలు. వేగంగా పెరిగే చెట్టు మొదటి పదేళ్ళలో పీల్చుకున్నంత మీ ముసలి అడవి పీల్చుకోదు. 2023లో కేంద్రం గ్రీన్ క్రెడిట్ పథకం తెచ్చింది, పాడైన అటవీ భూముల్లో హెక్టారుకు కనీసం 1100 చెట్లు అని 2024లో పద్ధతి కూడా చెప్పారు. బాధితుడు గారూ, మీ కంపెనీకి క్రెడిట్లూ వస్తాయి, పేరూ వస్తుంది. అనవసరంగా బుర్ర పాడుచేసుకోకండి.

కడప ఎండ | మారతహళ్ళి

"పాడైన అటవీ భూమి" అని ఎవరు తేలుస్తారో అది కూడా చెప్పండి సార్. మా వైపు ముళ్ళకంప, రాళ్ళు, మధ్యలో నారేపి చెట్లు ఉన్న గుట్టని చూస్తే మీ ఎక్సెల్ షీటుకి అది పాడైన భూమే. మాకు అది మేకల మేత, సీతాఫలాలు, చీపురు పుల్లలు.

అసలు అడవి ఎంతుందన్న లెక్కే వేరు. ఒక హెక్టారు పైన ఉండి, చెట్ల నీడ పది శాతం పడితే చాలు, ఫారెస్ట్ సర్వే లెక్కలో అది అడవి. ఎవరి భూమైనా సరే, ఏ చెట్టైనా సరే. చిత్తూరు మామిడి తోపు కూడా అడవే. 2023 నివేదికలో అడవి, చెట్లు కలిపి దేశంలో 25.17 శాతం అన్నారు. అందులో ఎంత మామిడో, ఎంత నీలగిరో!

బన్నేరుఘట్ట అంచున నాటతారంట. ఆ అంచు ఎక్కడుందో ముందు చూసుకోండి. 2016 ముసాయిదాలో పార్కు చుట్టూ రక్షణ వలయం 268.96 చదరపు కిలోమీటర్లు. 2020 తుది నోటిఫికేషన్ వచ్చేసరికి 168.84. వంద చదరపు కిలోమీటర్లు కాగితం మీదే మాయం. మీ పదివేల మొక్కలతో ఆ వంద పూడుతుందా?

రిటైర్డ్ రేంజర్ | కేఆర్ పురం

నేను చిత్తూరు, కడప జిల్లాల్లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు అమ్మాయి దగ్గర ఇక్కడే ఉంటున్నాను. ఫోన్లో టైపు చేయడం ఆలస్యం, కాస్త ఓపిక పట్టండి.

బాబూ, మన ఎండుటాకు అడవికి కరువు మొక్కలకి కాదు, మనుషులకి. కొట్టేసిన చెట్టు మోడు నుంచి పిలకలు వాటంతటవే వస్తాయి. నేలలో విత్తనం ఉంటుంది. వాటిని రెండు మూడు వేసవులు మంట నుంచి, గొడ్ల నుంచి కాపాడితే చాలు, నువ్వు నాటే పదివేలకన్నా ఎక్కువే లేస్తాయి. కాపాడేవాళ్ళు లేకే లేవట్లేదు.

శేషాచలంలో బోద గడ్డి అని ఉంటుంది. నిమ్మగడ్డి జాతి, ఒంట్లో నూనె. మంచి వానలు పడిన ఏడు మనిషి మొలని దాటి పెరుగుతుంది. మంచి వానలని మనం సంతోషిస్తాం, ఫారెస్టు వాడికి అప్పటి నుంచే గుండె దడ. ఎందుకంటే అదంతా ఫిబ్రవరికి ఎండి కూర్చుంటుంది. 2014 మార్చిలో తిరుమల కొండల్లో మంటలు లేచినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు రావలసి వచ్చింది. టీవీలో అందరూ హెలికాప్టర్లనే చూశారు.

కింద జరిగేది చెప్తాను. పచ్చి కొమ్మ విరిచి మంటని కొట్టాలి. కొత్తవాళ్ళు చెయ్యి పైకెత్తి బాదుతారు, రవ్వలు అవతలికి ఎగిరి ఇంకోచోట అంటుకుంటుంది. అలా కాదు. కొమ్మని మంట మీద అదిమి, కాలిపోయిన వైపుకే ఊడ్చాలి. గుట్ట ఎక్కుతున్న మంటకి ఎదురు నిలవకూడదు, అది మనకన్నా వేగం. అవతలి వాలు దిగేటప్పుడు దానికి ఊపు తగ్గుతుంది, అక్కడ పట్టాలి. పగలు గాలిలో ఎంత కొట్టినా దండగ. తెల్లవారుజామున గాలి పడిపోయాక పదిమంది చేసే పని, మధ్యాహ్నం యాభైమంది చేయలేరు.

ఇప్పుడు ఉపగ్రహం నుంచి మెసేజ్ వస్తుంది. 375 మీటర్ల గడిలో ఎక్కడ వేడి కనిపించినా ఫోన్లకి అలర్ట్ పంపుతారు. చాలా మంచిది, మా రోజుల్లో పొగ చూసి పరిగెత్తేవాళ్ళం. కానీ మెసేజ్ వచ్చాక కొండ ఎక్కాల్సింది మనిషే. ఫిబ్రవరి నుంచి మే దాకా పెట్టుకునే ఫైర్ వాచర్లు ఊళ్ళో కూలీలే. వాళ్ళ కూలి జూలైకి చేతికొస్తే మరుసటి ఏడు ఎవడొస్తాడు?

ఇంకో సంగతి. ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా గడ్డి చెక్కి, కాల్చి తీసే బాటలు, జనవరి ఆఖరుకి పూర్తవ్వాలి. గడ్డి సగం ఎండి, మంచు పడే రోజుల్లోనే అది కుదురుతుంది. నా సర్వీసు చివర్లో ఆ రోజులే దొరికేవి కావు. డిసెంబరు, జనవరిల్లో అకాల వాన పడి గడ్డి తడిసేది. ఆరేలోపు ఫిబ్రవరి ఎండ విరుచుకుపడేది. వాతావరణం మారిందంటే నాకు తెలిసింది ఇదే, పని చేసుకోవడానికి ఇచ్చే రోజులు తగ్గాయి.

హోసూరు అమ్మాయి | హోసూరు

రేంజర్ సార్, ఎంత బాగా చెప్పారు! మా వైపు మంటకన్నా ముందు లాంటానా గొడవ. మీ చిత్తూరులో పులికంప అంటారు కదా, అదే. బ్రిటిష్‌వాళ్ళు 1800ల మొదట్లో కలకత్తా తోటలో అందం కోసం పెట్టిన మొక్క. ఇప్పుడు మా అడవిలోకి వెళ్తే రెండు పక్కలా గోడలా అదే. ఏనుగు తినదు, గొడ్డు తినదు. కింద గడ్డి మొలవనివ్వదు. మేత లేక ఏనుగులు రాగి చేలల్లోకి వస్తాయి, మళ్ళీ తప్పు ఏనుగుదే.

కుప్పం, పలమనేరు వాళ్ళకి తెలుసు. 1980లలో మా వైపు నుంచే ఏనుగులు కౌండిన్య అడవుల్లోకి దిగాయి. ఇప్పటికీ పొలాల మీద పడుతున్నాయని 2025లో కర్ణాటక నుంచి ఆంధ్రాకి కుంకీ ఏనుగుల్ని, అంటే శిక్షణ ఇచ్చిన పెంపుడు ఏనుగుల్ని, తెచ్చుకున్నారు. కుంకీలు వచ్చి తరుముతాయి, సరే. తరిమిన ఏనుగు వెళ్ళి ఏం తినాలి?

మీ డబ్బు లాంటానా తియ్యడానికి పెట్టండి, అన్నయ్యా. ఫోటో బాగా రాకపోవచ్చు.

సిల్క్‌బోర్డ్ బాధితుడు | బీటీఎం లేఔట్

లాంటానా తియ్యడమంటే జేసీబీ పెట్టి లాగేయడమేనా? మా హెచ్ఆర్ వాళ్ళకి జేసీబీ అంటే చాలు, వీడియో వైరల్ అవుతుందని ఎగిరి గంతేస్తారు.

గడ్డిపరక | యలహంక

జేసీబీ అస్సలు వద్దు! నేల కదిలితే అందులో నిద్రపోతున్న లాంటానా విత్తనాలన్నీ ఒక్కసారి లేస్తాయి. పైన నరికినా లాభం లేదు, మోడు నుంచి ఇంకా గుబురుగా వస్తుంది. కాలిస్తే అంతే.

ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆచార్యుడు సీ.ఆర్. బాబు బృందం తేల్చిన పద్ధతి ఒకటుంది, చాలాచోట్ల అదే వాడుతున్నారు. లాంటానా కాండం వేరుని కలిసేచోట, నేలకి రెండు మూడు అంగుళాల లోపల ఒక ముడి లాంటి భాగం ఉంటుంది. చిగుర్లన్నీ అక్కడి నుంచే. ఆ ముడి కిందికి గడ్డపార పోనిచ్చి ప్రధాన వేరు తెంపాలి. ఇద్దరు కలిసి పొద మొత్తాన్ని లేపి తలకిందులుగా పడెయ్యాలి. వేరు ఆకాశం వైపు చూస్తూ ఎండిపోవాలి. పక్కకి పడేస్తే ముడి మళ్ళీ మట్టిని అంటుకుని చిగురిస్తుంది. కాయ పండకముందే, నేల మెత్తగా ఉన్న వానాకాలంలోనే ఈ పని.

ఇక్కడితో అయిపోదు. పికిలిపిట్టలకి ఆ పళ్ళంటే ప్రాణం. తిని, పెద్ద చెట్ల కొమ్మల మీద కూర్చుని రెట్ట వేస్తాయి. కాబట్టి మరుసటి ఏడు చెట్ల మొదళ్ళ దగ్గర వెతికి మొలకలు పీకాలి, ఆ పైఏడూ పీకాలి. ఖాళీ చేసిన చోట వెంటనే స్థానిక గడ్డి విత్తనం చల్లాలి, లేకపోతే ఇంకో కలుపు వచ్చి కూర్చుంటుంది. బందీపూర్, ముదుమలై వైపు పసుపు పూల సెన్నా అలాగే దిగింది. తమిళనాడువాళ్ళు దాన్ని కొట్టి కాగితం గుజ్జుకి పంపుతున్నారు.

లెక్క తేల్చు | వైట్‌ఫీల్డ్

సరే, ఇదంతా శ్రమదానం. కొలత ఎక్కడ? మొక్క నాటితే లెక్కపెట్టొచ్చు, జియోట్యాగ్ చెయ్యొచ్చు. "కలుపు తీశాం, మంట రాలేదు" అంటే ఆడిటర్ ఒప్పుకుంటాడా? రాని మంటని ఎలా చూపిస్తారు?

రిటైర్డ్ రేంజర్ | కేఆర్ పురం

నాయనా, 2019 ఫిబ్రవరిలో బందీపూర్ కాలింది. పదివేల ఎకరాలకు పైగా. అందులో నిలిచి ఉన్న కార్బన్ ఎంతో నువ్వే లెక్క వేసి చెప్పు. పదేళ్ళు నువ్వు జియోట్యాగ్ చేసిన మొక్కలు ఒక మధ్యాహ్నంలో పోతాయి.

ఎండిన లాంటానా మంటకి నిచ్చెన. మామూలు అడవిలో నేల మంట మోకాలెత్తులో పోతుంది, పెద్ద చెట్టు బెరడు మాడి బతుకుతుంది. లాంటానా ఉన్నచోట అదే మంట కొమ్మల్లోకి ఎక్కుతుంది. మంట వచ్చిందా రాలేదా అని కాదు, ఎంత ఎత్తున పోయిందో చెట్టు మీద మసి చూసి చెప్పొచ్చు. కొలవడానికి అది చాలదా?

గడ్డిపరక | యలహంక

లెక్క గారికి ఇంకో మాట. గడ్డి నేలల్లో కార్బన్ ఎక్కువ భాగం మట్టిలో, వేళ్ళల్లో ఉంటుంది. పైన కాలినా కింద ఉండిపోతుంది. కరువులో చచ్చే తోటలో పెట్టిన దానికన్నా ఆ డిపాజిట్ నయం.

మంట గురించి మాత్రం రేంజర్ గారితో కొంచెం వాదిస్తాను. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగలనే గిరిజనులు ఏటా ఎండాకాలం మొదట్లో ఆకుచెత్తకి చిన్న మంట పెట్టేవాళ్ళు. 1974లో అభయారణ్యం అయ్యాక అది ఆగింది. బెంగళూరు ఏట్రీ సంస్థ పరిశోధకులు వాళ్ళతో కలిసి చాలా ఏళ్ళు పనిచేశారు. సోలిగలు చెప్పింది ఏంటంటే, ఆ చిన్న మంటలు ఆగాకే లాంటానా అడవంతా కమ్మింది, ఉసిరి చెట్లకి బదనిక పట్టింది. బదనిక అంటే కొమ్మ మీద మొలిచి చెట్టు రసం తాగే పరాన్నజీవి. బాగా పడితే ఉసిరి కాపు తగ్గి, చివరికి చెట్టే పోతుంది. సోలిగలకి ఉసిరి అంటే ఏడాది ఆదాయం. 2011లో అటవీ హక్కుల చట్టం కింద వాళ్ళకి సామూహిక హక్కులొచ్చాయి, పులుల రిజర్వులో అలా రావడం దేశంలో అదే మొదలు. అడవిని ఎప్పుడు కాల్చాలో తెలిసినవాళ్ళని పక్కన పెట్టి "మంట అంటే నేరం" అన్నాం.

రిటైర్డ్ రేంజర్ | కేఆర్ పురం

అమ్మా, ఆ మాట కాదనను. కానీ వాళ్ళ తాతలు మంట పెట్టినప్పుడు కింద గడ్డి, రాలిన ఆకు మాత్రమే. ఇప్పుడు తలెత్తు లాంటానా. ఈ స్థితిలో పాత మంట పెడితే అది పాత మంటలా ఆగదు. ముందు కంప తియ్యాలి, గడ్డి రావాలి, ఆ తర్వాత పొద్దునపూట, గాలి లేని రోజు, ముక్కలు ముక్కలుగా కాల్చాలి. అదీ డిపార్టుమెంటు దగ్గరుండి. అభయారణ్యంలో అనుమతి లేకుండా అగ్గిపుల్ల గీసినా కేసే. ఈ చర్చ చదివి ఎవరూ ప్రయోగాలు చెయ్యొద్దు.

కడప ఎండ | మారతహళ్ళి

ఇదిగో, రేంజర్ సార్ కూడా చివరికి "డిపార్టుమెంటు దగ్గరుండి" అనే అన్నారు. అక్కడే తంటా. నల్లమలలో చెంచులు లేకుండా ఆ 3,700 పైచిలుకు చదరపు కిలోమీటర్ల పులుల రిజర్వుని కాపలా కాయగలరా? ప్రొటెక్షన్ వాచర్లుగా పులి అడుగు చూసి చెప్పేది వాళ్ళే. ఉద్యోగం మాత్రం టెంపరరీ. 1992 నుంచి మన దగ్గర వన సంరక్షణ సమితులు పెట్టారు, ప్రపంచ బ్యాంకు డబ్బొచ్చినన్నాళ్ళు మీటింగులు జరిగాయి, ఆగగానే చాలాచోట్ల బోర్డు తుప్పు పట్టింది. ప్రాజెక్టు అయిపోతే అడవి అయిపోదు కదా!

రిటైర్డ్ రేంజర్ | కేఆర్ పురం

బాబూ, తుప్పు పట్టనివీ ఉన్నాయి. వెదురు మీదో, సీతాఫలం మీదో ఏటా ఎంతో కొంత వచ్చే సమితులు నిలిచాయి. ఊరికి చేతికి ఏమీ రాకుండా కాపలా మాత్రం కాయమంటే ఎవరు కాస్తారు? ఈ విషయంలో నేను మీ పక్షమే.

చింతామణి టమాటా | చింతామణి

ఇంతసేపూ చదివాను. అడవుల గురించి అందరూ చెప్పారు, పొలంలో నీలగిరి ఉన్న రైతు సంగతి ఎవరూ ఎత్తలేదు. మాది తెలుగిల్లే, కోలారు సరిహద్దు. 1980లలో సామాజిక అడవులని ప్రభుత్వమే మొక్కలిచ్చి నాటించింది. మా నాన్న రాగి చేను తీసి నీలగిరి పెట్టాడు. అందరూ రైతుని తిడతారు. కూలీలంతా బెంగళూరు పోయారు. నీలగిరికి కలుపు లేదు, మందు లేదు, కాపలా లేదు, మేక ముట్టదు. కొన్నేళ్ళకోసారి కాంట్రాక్టరు వచ్చి కొట్టుకుని డబ్బులిచ్చి పోతాడు. ఇంకేం చెయ్యాలి ఆయన?

2017లో కర్ణాటక ప్రభుత్వం నీలగిరి సాగు నిషేధించింది. సరే. ఉన్నదాన్ని తియ్యడానికి ఎవరిస్తారు? మోళ్ళు పీకడానికి ఎకరాకి అయ్యే ఖర్చు, కర్ర అమ్మితే వచ్చేదానికి దగ్గర దగ్గర. బోరు చూస్తే పాతాళం.

లెక్క తేల్చు | వైట్‌ఫీల్డ్

నీలగిరి నీళ్ళు తాగేస్తుందన్నది నిజమా, ఊరి నమ్మకమా? నిజంగానే అడుగుతున్నా.

గడ్డిపరక | యలహంక

రెండూ చూపించిన పరిశోధన ఇక్కడే జరిగింది. 1990లలో శివమొగ్గ వైపు పల్చటి నేలల్లో కొలిస్తే, నీలగిరి తోట తాగేది అక్కడి సహజ ఎండుటాకు అడవితో ఇంచుమించు సమానం. హోసకోటె దగ్గర లోతు నేలల్లో కొలిస్తే, కురిసిన వానకన్నా ఎక్కువ తాగింది! వేళ్ళు ఏటేటా ఇంకా లోతుకి దిగి, ఎప్పటి నుంచో నేలలో దాగిన తేమని లాగేశాయి. చింతామణి గారి పొలం హోసకోటె లెక్కలోకే వస్తుందనుకుంటాను. తుమకూరు జిల్లాలో రైతులు 1983లోనే నర్సరీలో నీలగిరి నారు పీకి చింత గింజలు పెట్టారు.

నిర్వాహకులు

బాగుంది, కానీ నీలగిరి ధరల మీద వచ్చిన నాలుగు వ్యాఖ్యల్ని 'వ్యవసాయం' విభాగానికి మార్చాం. కడప ఎండ గారూ, పార్టీల పేర్లున్న వ్యాఖ్య తీసేశాం. మిగతాది కొనసాగించండి.

సిల్క్‌బోర్డ్ బాధితుడు | బీటీఎం లేఔట్

చర్చ ప్రింటు తీసి కమిటీకి ఇచ్చాను. బన్నేరుఘట్ట అంచు పదివేల మొక్కలు పక్కన పెట్టారు. మూడు అభ్యంతరాలొచ్చాయి. ఒకటి, డబ్బు మార్చి 31 లోపు ఖర్చవ్వాలి, ఇది మూడేళ్ళ పని అంటున్నారు. రెండు, ఉద్యోగులు చేతులతో చేసే పని ఏదో ఒకటి ఉండాలి. మూడు, ఎవరికివ్వాలి?

లెక్క తేల్చు | వైట్‌ఫీల్డ్

మొదటిది నేను చెప్తా. 2021 సీఎస్ఆర్ నిబంధనల్లో "కొనసాగే ప్రాజెక్టు" అని ఉంది. మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్ళ దాకా పోవచ్చు. ఖర్చుకాని డబ్బు విడి ఖాతాలో వేయాలి, బోర్డు తీర్మానం ముందే ఉండాలి. మీ కంపెనీ సెక్రటరీని అడగండి, ఆయనకి తెలుస్తుంది. నేను ఇప్పటికీ మొక్కల పక్షమే. కానీ నాటాక మూడేళ్ళ పోషణ బడ్జెట్ లేని ప్రతిపాదన మీద ఇక సంతకం పెట్టను.

రిటైర్డ్ రేంజర్ | కేఆర్ పురం

రెండోదానికి ఒక షరతు. ఉద్యోగుల్ని మంట దగ్గరికి తీసుకెళ్ళొద్దు. అది సరదా కాదు. జనవరిలో ఫైర్ లైన్ చెక్కడానికి రండి, డీఎఫ్ఓ అనుమతి తీసుకుని. పాలిస్టర్ బట్టలు వద్దు, నూలువి వేసుకోండి, బూట్లు తప్పనిసరి. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కుతాయి, అది మంచిదే. మొక్కలు నాటే శనివారం కన్నా అడవి ఎలా ఉంటుందో తెలుస్తుంది.

మూడోది. కర్ణాటకలో గ్రామ అటవీ సమితి ఉన్న ఊరు చూసుకోండి. డబ్బులో పెద్ద వాటా కూలికి పోవాలి, టూల్స్‌కి కాదు. గడ్డపారలు ఊళ్ళో ఉంటాయి. కూలి వారంవారం చేతికి రావాలని ఒప్పందంలో రాయించండి.

హోసూరు అమ్మాయి | హోసూరు

నర్సరీ కూడా పెట్టుకోవచ్చు కదా? ఆడవాళ్ళకి ఇంటి దగ్గరే పని. ఏ మొక్కలు?

గడ్డిపరక | యలహంక

నర్సరీ అంటే అందరూ టేకు, కానుగ, వేప పెంచుతారు, విత్తనం సులువుగా దొరుకుతుందని. నా సలహా, ఎక్కువ భాగం ఆ ఊరి అడవి విత్తనమే. కొంత మాత్రం అదే జాతివి ఇంకా ఎండ ప్రాంతం నుంచి తెప్పించండి. బెంగళూరుకి ఏడాదికి 900 మిల్లీమీటర్ల పైన వాన, అనంతపురానికి 550 చిల్లర. అక్కడ నిలిచిన చెట్టు గింజ ఇక్కడ వందేళ్ళు బతకాల్సిన చెట్టుకి కొంచెం బీమా. ఇది అందరూ ఒప్పుకునే మాట కాదు, స్థానిక విత్తనం తప్ప వద్దనేవాళ్ళూ ఉన్నారు. అందుకే కొంతే అంటున్నాను.

నారేపి దొరికితే వదలకండి. బాగా కాయడం కొన్నేళ్ళకోసారే. మొలిచాక మొదటి ఏళ్ళలో పైన పుల్లలా ఉంటుంది, ఎండకి పైభాగం చచ్చిపోతుంది కూడా. అప్పుడు పీకెయ్యకండి! కింద వేరు దిగుతూనే ఉంటుంది. ఈ ఒక్క కారణానికే సర్వేలో బతికిన మొక్కలు తక్కువ చూపిస్తాయి.

కడప ఎండ | మారతహళ్ళి

నారేపి గింజలు మా ఊరి నుంచి నేను తెప్పిస్తా. డబ్బులొద్దు. ఈ ఏడు కాసిందో లేదో మా చిన్నాన్నని అడగాలి.

చింతామణి టమాటా | చింతామణి

సిల్క్‌బోర్డ్ గారూ, మా పొలం అంచునే రిజర్వు ఫారెస్టు ఉంది. రెండెకరాల నీలగిరి తీసేద్దామని ఇంట్లో ఒప్పుకున్నారు. మీ పని ఆ పక్కనే మొదలుపెడితే కూలీలు ఒకచోట దొరుకుతారు. నాకు సాయం అడగడం లేదు, ఒక్క సంగతి తెలిస్తే చాలు. మోళ్ళు పీకాక ఆ నేలలో మొదటి ఏడు ఏం వెయ్యాలి?

రిటైర్డ్ రేంజర్ | కేఆర్ పురం

మొదటి ఏడు ఉలవలు. నేల కప్పుకుంటుంది, గొడ్లకి మేత. మోళ్ళ నుంచి పిలకలు వస్తే వానల్లో రెండుసార్లు తిరిగి విరిచెయ్యండి. రెండో ఏడు గట్ల మీద చింత, సీతాఫలం, కానుగ. మధ్యలో రాగి వెయ్యొచ్చు. పీకిన గుంటలు అలాగే వదిలెయ్యకండి, వాలుకి అడ్డంగా కలిపి కందకంలా చేస్తే వాన నీళ్ళు నిలుస్తాయి. జేసీబీ ఎలాగూ వస్తుంది కాబట్టి అదే రోజు చేయించండి, రెండోసారి పిలిస్తే రెండో బాడుగ.

చింతామణి టమాటా | చింతామణి

సరే సార్. ఏప్రిల్ ఆఖర్లో పీకిస్తా. జేసీబీ అతను మా బంధువే, కానీ బాడుగలో తగ్గడు.